మరేగే సఫర్: మామూకి ఒక జవాబు

గత నెల ఒక జుమ్మా రాత్రి, ఇషా తర్వాత, మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పెద్ద మామూ ఒక మెసేజ్ పెట్టారు. ఆకుపచ్చ అక్షరాలు, పక్కన నెలవంక, కింద తెరచాప పడవ బొమ్మ. కెప్టెన్ కుక్ కంటే వందల ఏళ్ళ ముందే ఆస్ట్రేలియాని కనిపెట్టింది ముస్లింలేననీ, ఈ తారీఖ్‌ని దాచేశారనీ, పది మందికి పంపమనీ అందులో ఉంది. పది నిమిషాల్లో పదిహేను మాషా అల్లాహ్‌లు వచ్చాయి. నేను ఊరుకుంటే సరిపోయేది. "సగం నిజం మామూ, సగం తప్పు" అని రాశాను.

మామూ మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆయన ఎవరో చెప్పాలి. మా ఊరి ఉర్దూ మీడియం హైస్కూల్లో తారీఖ్, జుగ్రాఫియా చెప్పి రిటైరైన మనిషి. దునియా నక్షా నేను మొదటిసారి చూసింది ఆయన క్లాసులోనే. గోడకి వేలాడే ఆ నక్షాలో ఆస్ట్రేలియా పైభాగం దగ్గర చిరుగు ఉండేది, లోపలి గుడ్డ కనిపించేది. ఆ తర్వాత నేను తెలుగులో డిగ్రీ చేసి పత్రికలో చేరినప్పుడు ఖాందాన్‌లో అందరికంటే ఎక్కువ ఖుషీ అయింది కూడా ఆయనే. అలాంటి మనిషికి పిల్లలందరి ముందు 'తప్పు' అని చెప్పాను. అందుకే ఈ వ్యాసం. మామూ, ఇది మీకే. మిగతావాళ్లు కూడా చదవండి.

ముందు నిజమైన సగం. ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి, ఇవాళ ఆర్న్‌హెమ్ లాండ్ అంటున్న ఇలాఖాకి, సులవేసి దీవిలోని మకస్సర్ నుంచి ముస్లిం నావికులు ఏటా తెరచాప పడవల్లో వెళ్లేవారు. ఆ తీరాన్ని వాళ్లు 'మరేగే' అనేవారు. దానికి పడమట ఉన్న కింబర్లీ తీరం వాళ్ల నోట 'కాయు జావా'. ఈ రాకపోకలు ఎప్పుడు మొదలయ్యాయన్న దాని మీద చరిత్రకారుల బహస్ ఇంకా నడుస్తూనే ఉంది. 1700ల్లో అని చాలామంది లెక్క. కానీ ఆర్న్‌హెమ్ లాండ్‌లో జులిర్రి అనే చోట రాతి గోడ మీద ఇలాంటి పడవ బొమ్మ ఒకటి ఉంది. దాని మీద తేనెమైనంతో అతికించిన ఇంకో బొమ్మ వయసు కట్టి చూస్తే, కింద ఉన్న పడవ బొమ్మ 1664 కంటే ముందుదేనని 2010లో పరిశోధకులు తేల్చారు. కుక్ తూర్పు తీరానికి వచ్చింది 1770లో.

తప్పు సగం 'కనిపెట్టడం' అన్న మాట. ఆ తీరంలో మనుషులు కనీసం 50 వేల ఏళ్ళుగా ఉన్నారు. వాళ్లకి పేర్లున్నాయి, భూములున్నాయి, ఏ బీచ్ ఎవరిదో లెక్కలున్నాయి. కుక్ కనిపెట్టాడు అంటే మనకి కోపం వస్తుంది కదా, అదే అబద్ధాన్ని మన టోపీ పెట్టి మళ్లీ చెప్పడం ఎందుకు? పైగా మకస్సర్ వాళ్లు ఏ రోజూ అలాంటి దావా చేయలేదు. వాళ్లు వెళ్లింది భూమి కోసమే కాదు, ఒక పురుగులాంటి జంతువు కోసం.

దాని సంగతికి వస్తాను. ముందు మకస్సర్ గురించి రెండు ముక్కలు.

మకస్సర్‌ని ఏలిన గోవా సల్తనత్ 1605లో ఇస్లాం తీసుకుంది. ఈ గోవా మన గోవా కాదు, సులవేసిది. ఆ రోజుల్లో అది తూర్పు సముద్రాలకి పెద్ద బజార్. లవంగాలు, జాజికాయ, చందనం, బానిసలు, బట్టలు, అన్నీ అక్కడ చేతులు మారేవి. బట్టల్లో మన వాటా ఉంది. 1640ల్లో మచిలీపట్నం నుంచి మకస్సర్‌కి ఓడలు వెళ్లేవి. ఆ వ్యాపారం వెనుక గోల్కొండ దర్బార్‌లో ఎదిగిన ఇరానీ సౌదాగర్ మీర్ జుమ్లా ఉన్నాడు. మీర్ జుమ్లా అంటే మనకి వజ్రాలూ, ఔరంగజేబుతో చేతులు కలపడమూ గుర్తొస్తాయి. ఆయన ఓడల గురించి మా బడిలో ఎవరూ చెప్పలేదు (మామూ, మీరూ చెప్పలేదు). 1667-69 మధ్య డచ్ కంపెనీ సుల్తాన్ హసనుద్దీన్‌ని ఓడించి మకస్సర్‌ని గుప్పిట్లో పెట్టుకుంది. మసాలాల బేపారం డచ్చి వాళ్ల చేతికి పోయింది. వాళ్లు పెద్దగా పట్టించుకోని సరుకులు కొన్ని స్థానికులకి మిగిలాయి. వాటిలో ఒకటి తెరిపాంగ్.

తెలుగు పేపర్లు దీన్ని సముద్ర దోసకాయ అంటాయి. పేరు కూరగాయది, బతుకు జంతువుది. దానికి మెదడు లేదు, వెన్నెముక లేదు. సముద్రం అడుగున ఇసుక మింగుతూ, అందులోని మలినాన్ని తిని, శుభ్రమైన ఇసుక వెనక నుంచి వదులుతూ పాకుతుంటుంది. ఎవరైనా మీదికొస్తే కొన్ని జాతులు తమ పేగుల్నే బయటికి కక్కి తప్పించుకుంటాయి. తర్వాత కొన్ని వారాల్లో పేగులు మళ్లీ పెరుగుతాయి. సుబ్‌హానల్లాహ్. చైనాలో దీన్ని సముద్రపు జిన్సెంగ్ అంటారు. విందులోనూ, దవాలోనూ వాడతారు. దక్షిణ చైనాలోని షియామెన్ నుంచి జంక్ ఓడలు దీనికోసమే మకస్సర్ రేవుకి వచ్చేవి. మకస్సర్ వాళ్లు పట్టింది తమ దస్తర్‌ఖాన్ కోసం కాదు, చైనా బజార్ కోసం. వాళ్లు షాఫయీలు కాబట్టి సముద్రపు జంతువుల విషయంలో మసలా సులువు. మన దగ్గర హనఫీల ఇళ్లల్లో ఝీంగా మీదే ఇంత గొడవ నడుస్తుంటే, ఇది పళ్లెంలో చూస్తే ఏమంటారో మీ ఊహకే వదిలేస్తాను.

ఇక పడవ. పెద్ద పడవని పడేవాకాంగ్ అనేవారు, మామూలుగా పెరహు. బరువు ఒక పాతిక టన్నులు. మూడు కాళ్ల ముక్కాలిపీటలా నిలిచే కొయ్యస్తంభం, దానికి ఏటవాలుగా వేలాడే దీర్ఘచతురస్రపు తెరచాప. తాటిజాతి ఆకుల నారతో నేసిన చాప అది. తెరచాప అన్న మన మాటలోనే చాప ఉంది చూడండి. వెనక రెండు వైపులా రెండు చుక్కానులు. పడవకి 20, 25 మంది. నీళ్లు వెదురు బొంగుల్లో నింపుకునేవారు. తినడానికి బియ్యం, కొబ్బరికాయలు, ఎండు చేపలు, కొన్ని కోళ్లు. నక్షా లేదు. చిన్న జేబు దిక్సూచి ఒకటి, అదీ డచ్చి వాళ్లు చేసింది.

అసలు దారి చూపింది గాలి. డిసెంబర్‌లో వాయవ్యం నుంచి తడిగాలి మొదలవుతుంది. అది పడితే పది పదిహేను రోజుల్లో మరేగే. నాలుగైదు నెలలు అక్కడ పని. ఏప్రిల్ దాటాక ఆగ్నేయం నుంచి పొడిగాలి తిరగబడుతుంది, దాంతో ఇల్లు. ఇంగ్లీషువాళ్లు మాన్సూన్ అనే మాట పోర్చుగీసుల నోటి మీదుగా అరబీ 'మౌసిమ్' నుంచే వచ్చింది. మనం రోజూ అనే మౌసమ్ అదే. ఆ నావికుల పంచాంగమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఈ పడవల్ని బయటి కళ్లతో చూసి, కూర్చోబెట్టి అడిగి, వివరంగా రాసినవాడు ఇంగ్లీషు కెప్టెన్ మాథ్యూ ఫ్లిండర్స్. ఆస్ట్రేలియా చుట్టూ తిరిగి నక్షా గీయడానికి 'ఇన్వెస్టిగేటర్' అనే ఓడలో బయలుదేరాడు. ఓడలో ఇల్మ్‌వాళ్లు చాలామందే ఉన్నారు. మొక్కల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్, సైన్సు పిల్లలు చదివే 'బ్రౌనియన్ చలనం' ఈయన పేరు మీదిదే. జంతువుల్నీ మొక్కల్నీ బొమ్మలు గీసే ఫెర్డినాండ్ బాయర్, ఆయన ప్రతి రంగుకీ ఒక నంబర్ వేసుకుని పెన్సిల్ గీతల మీద ఆ నంబర్లు రాసుకునేవాడు, రంగులు ఇంటికెళ్లాక నింపేవాడు. కొండల్నీ మనుషుల్నీ గీసే విలియం వెస్టాల్. బుంగరీ అనే సిడ్నీ ప్రాంతపు ఆదివాసీ. ట్రిమ్ అనే పిల్లి కూడా.

కానీ ఓడ కుళ్లిపోయింది. 1802 నవంబర్‌లో కార్పెంటారియా అఖాతంలో వడ్రంగులు చెక్కలు పరీక్షించి, మంచి వాతావరణంలో అయితే ఇంకో ఆరు నెలలు ఆగొచ్చు, తుఫాను వస్తే చెప్పలేం అన్నారు. అయినా ఫ్లిండర్స్ ముందుకే వెళ్లాడు. దారిలో దీవుల మీద వింత గుర్తులు కనిపించాయి. మట్టి కుండల పెంకులు, గొడ్డలితో నరికిన చెట్లు, వెదురు తడికెలు, నీలం బట్ట ముక్కలు, వరసగా పేర్చిన రాళ్ల పొయ్యిలు. ఎవరో చైనావాళ్లు వచ్చిపోయి ఉంటారనుకున్నాడు.

1803 ఫిబ్రవరి 17. ఒక దీవి చాటున ఆరు పడవలు లంగరు వేసి ఉన్నాయి. సముద్రపు దొంగలేమో అని అనుమానం. ఫ్లిండర్స్ తుపాకులు సిద్ధం చేయించి, తన ఓడ జెండా ఎగరేశాడు. అటువైపు నుంచి చిన్న తెల్ల జెండాలు లేచాయి. కాసేపటికి ఆరుగురు పడవ పెద్దలు ఇన్వెస్టిగేటర్ ఎక్కారు. ఓడ వంటవాడు విలియమ్స్ మలయ్ మనిషి, తర్జుమా అతనే చేశాడు.

ఆరుగురికీ పెద్ద పొబాసు అనే పొట్టి ముసలాయన. ఆయన చెప్పినవి ఫ్లిండర్స్ వరసగా రాసుకున్నాడు. బోనే రాజావారి పెరహులు మొత్తం 60, మనుషులు వెయ్యి మంది, రెండు నెలల క్రితం మకస్సర్ నుంచి బయలుదేరారు, అందరి మీదా సర్దార్ సల్లూ. పొబాసు గత 20 ఏళ్లలో ఆరేడుసార్లు వచ్చాడట, ఈ తీరానికి మొదట వచ్చినవాళ్లలో తానూ ఒకడట. (జులిర్రి గోడ ఆయన మాట ఒప్పుకోదు. ముసలివాళ్లు అలాగే అంటారు, మామూ మినహా.) మునిగేది మూడు నుంచి ఎనిమిది బారల లోతుకి. తెరిపాంగ్ దండిగా ఉన్నచోట ఒక మనిషి ఒక్క మునకలో ఎనిమిదీ పదీ పైకి తెస్తాడు. వెయ్యి తెరిపాంగ్‌లు ఎండితే ఒక పికల్, అంటే దాదాపు 60 కిలోలు. వంద పికల్‌లు ఒక పడవ సరుకు. నల్లది పికల్ 40 డాలర్లు, బూడిద రంగుది 20.

నాకు ఈ ములాఖాత్‌లో మూడు విషయాలు చాలా ఇష్టం.

వాళ్లు ముసల్మాన్లని ఫ్లిండర్స్ గట్టిగానే రాశాడు. చిన్న పడవలో పందుల్ని చూసి వాళ్లు తౌబా తౌబా అని బెదిరిపోయారట. కానీ పోర్ట్ వైన్ ఇస్తే వద్దనలేదు, పొద్దుగూకి వెళ్లేటప్పుడు ఒక సీసా అడిగి మరీ పట్టుకెళ్లారట. వాట్సాప్ మెసేజ్‌లలో ఈ ముక్క ఎప్పుడూ ఉండదు. నేను కూర్చుని హిజ్రీ లెక్క వేశాను. ఆ రోజు 1217 షవ్వాల్ 24, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ. అంటే ఆ ఏడు వాళ్ల రమ్జాన్ నెలంతా ఈ సఫర్‌లోనే గడిచింది, ఈద్ ఈ తీరం మీదో నీళ్ల మీదో అయింది. ముసాఫిర్‌కి రోజా వాయిదా వేసుకునే రుఖ్సత్ ఉంది. రోజంతా సముద్రంలో మునిగేవాడి రోజా ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. మకస్సర్‌లో మిగిలిన పెళ్లాం పిల్లలు నెలవంకని ఒకచోట చూశారు, వీళ్లు ఇంకోచోట. గల్ఫ్‌లో ఉన్న మన కుర్రాళ్ల ఈద్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

రెండోది. ఈ దేశంలో తెల్లవాళ్ల ఊరు ఒకటి ఉందని పొబాసుకి తెలియదు. పోర్ట్ జాక్సన్, అంటే ఇవాళ్టి సిడ్నీ, పేరు చెప్పగానే పొబాసు కొడుకు కాగితం తీసి రాసుకున్నాడు. ఎడమ నుంచి కుడికి రాశాడని ఫ్లిండర్స్ ప్రత్యేకంగా గుర్తించాడు. మహమ్మదీయుడంటే కుడి నుంచి ఎడమకి రాస్తాడని అతను అనుకుని ఉండాలి. ఆ కుర్రాడు రాసింది లొంతారా లిపి. అది బ్రాహ్మీ ఖాందాన్‌ది, మన తెలుగు అక్షరాలకి దూరపు చుట్టం. మకస్సర్ వాళ్లకి అరబీ అక్షరాలూ వచ్చు, దీన్‌కి అవి, లెక్కలకీ రోజువారీ రాతలకీ ఇవి. పొద్దున్న అబ్బా దగ్గర కుడి నుంచి ఎడమకి చదివి, సాయంత్రం ట్యూషన్‌లో ఎడమ నుంచి కుడికి రాసిన నాకు ఆ కుర్రాడు బాగా తెలిసినవాడిలా అనిపిస్తాడు. 'నీది ఉర్దూ మీడియం కదా, ఇంత తెలుగు ఎలా?' అని నన్ను ఇప్పటికీ అడుగుతారు.

మూడోది పొబాసు మోకాలు. దాని మీద బల్లెం దెబ్బ. ఆదివాసీలతో జరిగిన గొడవలో తగిలింది. జాగ్రత్తగా ఉండమని ఫ్లిండర్స్‌కి ఆ ముసలాయన మరీ మరీ చెప్పాడు.

వెస్టాల్ పొబాసు బొమ్మ గీశాడు. మర్నాడు ఇంకో ఐదు పడవలు వచ్చి చేరాయి. దారిలో వేరే ఇంగ్లీషు ఓడ తగిలితే చూపించడానికి ఒక చిట్టీ, ఒక జెండా అడిగి తీసుకుని పొబాసు వెళ్లిపోయాడు. ఫ్లిండర్స్ అక్కడి ఒక చిన్న దీవికి పొబాసు పేరు పెట్టాడు. చుట్టూ ఉన్న దీవుల గుంపుకి మాత్రం 'ఇంగ్లీష్ కంపెనీ' దీవులని పెట్టాడు. ఆ కంపెనీ మన కుంపిణీయే. కుళ్లిన ఓడ ఎలాగో సిడ్నీ చేరింది. ఇంగ్లండుకి తిరిగివెళ్తూ ఫ్లిండర్స్ మారిషస్‌లో ఫ్రెంచివాళ్లకి చిక్కి 1810 దాకా ఖైదులో గడిపాడు. 1814లో ఆయన కితాబ్ అచ్చయిన మర్నాడే ఇంతెఖాల్ అయ్యాడు.

ఫ్లిండర్స్ ఆ తీరాన్ని ఓడ మీద నుంచి చూశాడు, పగలు కొలిచి రాత్రి గీశాడు. పొబాసు మనుషులకి అదే తీరం చర్మంతో తెలుసు. ఏ మలుపులో మడ చెట్లు దట్టంగా ఉన్నాయి, ఎక్కడ మంచినీళ్లు దొరుకుతాయి, ఏ ఇసుకలో తెరిపాంగ్ దాక్కుంటుంది. పెరహు లంగరు వేశాక 'లెపా లెపా' అనే దోనెలు దించేవారు. పట్టిన సరుకుని కోసి, పేగులు తీసి, బీచ్ మీద రాళ్ల వరసల మధ్య పెద్ద ఇనుప కడాయిల్లో ఉడికించేవారు. ఇసుకలో పాతిపెట్టి పైపొర వదిలించేవారు. మడచెట్టు బెరడు వేసి మళ్లీ ఉడికిస్తే ఎర్రటి రంగు పట్టేది. ఎండలో ఆరబెట్టి, వెదురుతో కట్టిన పొగ గుడిసెల్లో ఎండబెట్టేవారు. ఆ వెదురు కూడా ఇంటి నుంచి తెచ్చుకున్నదే. చివరికి మిగిలేది అరచేతిలో పట్టే గట్టి నల్లటి ముక్క. తెరిపాంగ్‌తో పాటు సముద్ర తాబేలు పెంకులు, ముత్యపు చిప్పలూ పడవెక్కేవి.

అది నవ్వుతూ తిరిగే తీరం కాదు. ఆ నీళ్లల్లో ఉప్పునీటి మొసలి ఉంది, పెద్ద మగది ఐదు మీటర్లు దాటుతుంది, నదిలోనూ ఉంటుంది, సముద్రంలోనూ ఈదుతుంది. గాజులా కనిపించకుండా తేలే బాక్స్ జెల్లీఫిష్ ఉంది, దాని తీగలు ఒంటికి చుట్టుకుంటే నిమిషాల్లో గుండె ఆగొచ్చు. అది ఒడ్డుకి ఎక్కువగా వచ్చే కాలం సరిగ్గా ఆ తడిగాలి నెలలే, అంటే పడవలు వచ్చే నెలలే. ఇవాళ ఆ రోజుల్లో అక్కడి బీచ్‌లలో ఈతకి దిగొద్దని బోర్డులు పెడతారు. పొబాసు మనుషులు దిగేవారు. ఇంకా ఫిబ్రవరి మార్చిల్లో తుఫానులు. గడ్డి పరకలు మేస్తూ మెల్లగా తిరిగే డుగాంగ్‌ లాంటి సాధు జంతువులూ అక్కడున్నాయి, మన రామేశ్వరం వైపు సముద్రంలో ఉన్న జాతే.

ఇక ఆ తీరం అసలు వాళ్లు. ఈశాన్య ఆర్న్‌హెమ్ లాండ్‌లో ఉండేవాళ్లు యోలంగు ప్రజలు. వాళ్ల భాషలో మకస్సర్ మాటలు ఇవాళ్టికీ ఉన్నాయి. దోనెని 'లిపాలిపా' అంటారు. పడమటి గాలి 'బర్రా'. పనికి 'జామా'. డబ్బుని ఏమంటారో చెప్పనా? 'రుపియా'. మా అమ్మీకి ఈ మాట చెబితే నమ్మలేదు. తెల్లవాణ్ణి 'బలాందా' అంటారు, హాలండ్‌వాడు అని. మచిలీపట్నంలో వలందపాలెం ఎప్పుడైనా చూశారా? డచ్చి వాళ్లని తెలుగువాళ్లు పిలిచిన పేరు అక్కడ మొహల్లాకి మిగిలింది. ఆర్న్‌హెమ్ లాండ్‌లో అదే పేరు తెల్లజాతి మొత్తానికీ అంటుకుంది. ఉర్దూలో వలందేజీ అంటాం, అదీ ఆ ఇంటిదే.

దఫన్ పాటల్లో వచ్చే 'వలితా వలితా' అనే పిలుపు 'అల్లాహ్ తఆలా' నుంచి వచ్చిందని మానవ శాస్త్రవేత్త ఇయన్ మెకింతోష్ రాశాడు. అందరూ ఒప్పుకోరు. ఈ ఒక్క ముక్కని పట్టుకుని వాళ్లంతా ముస్లింలయ్యారని చెప్పే వీడియోలు ఉన్నాయి, అది అబద్ధం. వాళ్ల నమ్మకాలు వాళ్లవే. పడవలవాళ్లు మసీదు కట్టలేదు, మతం మార్చలేదు. బియ్యం, పొగాకు, గొడ్డళ్లు, గుడ్డ ఇచ్చారు. ఇసుక మీద పొయ్యి పెట్టుకునే హక్కు, సాయానికి చేతులు తీసుకున్నారు. కొందరు యోలంగు కుర్రాళ్లు పడవెక్కి మకస్సర్ చూసొచ్చారు. యిర్కలా దగ్గర వుర్‌వుర్‌వుయ్ అనే చోట నేల మీద రాళ్లు పేర్చి గీసిన బొమ్మలున్నాయి. పెరహు లోపల ఏ గది ఎక్కడుందో కూడా రాళ్లతో చూపించారు. లోపలికి వెళ్లి తిరిగి చూసినవాళ్లే అలా పేర్చగలరు. 2013లో ఆస్ట్రేలియా దాన్ని జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది.

అంతా మొహబ్బత్ అని చెబితే అదీ వాట్సాపే అవుతుంది. ఆడవాళ్ల విషయంలో గొడవలు జరిగాయి, ఒప్పందం తప్పినందుకు గొడవలు జరిగాయి, రెండువైపులా చచ్చారు. పొబాసు మోకాలు ఒక్కటే కాదు. అరక్ సారాయి ఆ పడవల్లోనే వచ్చింది. ఉత్తర తీరంలో మశూచి కూడా ఈ పడవల వెంటే వచ్చిందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మనవాళ్లు కాబట్టి ఈ పేరా తీసేయాలని నాకూ అనిపించింది, ఉంచాను.

అన్నిటికంటే నన్ను పట్టుకున్నది చింతచెట్టు. ఆ తీరంలో మకస్సర్ వాళ్లు మకాం వేసిన చోటల్లా చింతచెట్లున్నాయి. తెచ్చుకున్న చింతపండు తిని ఉమ్మేసిన గింజలు మొలిచాయి. పురాతత్వవేత్తలు చాలాచోట్ల ముందు చింతచెట్టు చూసుకుని, తర్వాత దాని కింద తవ్వి పొయ్యి రాళ్లూ కుండ పెంకులూ పట్టుకున్నారు. మకస్సర్ భాషలో చింత 'చంబా', యోలంగు నోట 'జంబాంగ్' అయింది. ఇంగ్లీషు టామరిండ్ ఎక్కడిదో మీలో చాలామందికి తెలుసు, అరబీ 'తమ్ర్ హిందీ', హిందుస్తాన్ ఖజూర్. పొద్దున్నే కిచిడీ, ఖీమా, ఖట్టా తినే ఇళ్లల్లో పెరిగాం మనం. ఆ ఖట్టా గింజ అరబ్బుల నోట హిందుస్తాన్ పేరు తగిలించుకుని, మకస్సర్ పడవెక్కి, ఆస్ట్రేలియా ఇసుకలో మొలిచింది. కత్తి ఎక్కడా లేదు ఇందులో.

ఈ రాకపోకల్ని ఆపింది తుఫానూ కాదు, బల్లెమూ కాదు. కాగితం. అప్పట్లో ఉత్తర ప్రాంతం దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వం కింద ఉండేది. 1880ల్లో పడవలకి లైసెన్సు, తెచ్చే బియ్యం పొగాకు మీద సుంకం మొదలుపెట్టారు. ముందు కస్టమ్స్ ఠాణాకి వచ్చి డబ్బు కట్టి, తర్వాతే పనిలోకి దిగాలి. వందేళ్లకి పైగా తమ తాతలు దిగిన బీచ్‌లో దిగడానికి చిట్టీ. 1901లో ఆస్ట్రేలియా ఒక్క దేశమైంది, తెల్లవాళ్ల దేశంగానే ఉంచాలన్న చట్టాలు వెంటనే వచ్చాయి. 1906లో ఇక లైసెన్సులు ఇవ్వబోమన్నారు. 1907లో 'బుంగా ఎజయా' అనే ఆఖరి పెరహు మరేగే వదిలి వెళ్లింది. దాని నాఖుదా హుసేన్ దాయెంగ్ రంగ్కా. తీరంవాళ్లు ఆయన్ని 'యూసింగ్' అని పిలిచేవారు. ఆ డిసెంబర్‌లో కూడా బర్రా వీచింది. దానివెంట పడవ రాలేదు. పాత మనుషులు యూసింగ్ గురించి, ఆ పడవల గురించి ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు, పాటల్లో ఇప్పటికీ ఉన్నాయి.

తెరిపాంగ్ సంగతి కూడా చెప్పాలి. చైనా బజార్ ఆకలి తీరలేదు. మన దేశంలో 2001 నుంచి దాన్ని పట్టడం పూర్తిగా నిషేధం, పులికి ఉన్నంత రక్షణ కాగితం మీద దానికీ ఉంది. అయినా తమిళనాడు తీరంలో దొంగ సరుకు తరచూ పట్టుబడుతూనే ఉంటుంది. 2020లో లక్షద్వీప్‌లో చెరియాపాని దగ్గర ఒక పెద్ద సముద్ర భాగాన్ని ఈ జంతువు కోసమే రిజర్వ్ చేశారు. దానికి డాక్టర్ కె.కె. మహమ్మద్ కోయా పేరు పెట్టారు. ఈ వార్త మీద మాత్రం మన గ్రూపుల్లో ఒక్క మాషా అల్లాహ్ కూడా రాలేదు.

నాలుగో రోజు మామూ ఫోన్ చేశారు. సలాం అయ్యాక కాసేపు మౌనం. నేను పై సంగతులన్నీ ఒకటొకటిగా చెప్పుకొచ్చాను. పోర్ట్ వైన్ దగ్గర "లాహౌల్" అన్నారు. లొంతారా దగ్గర మళ్లీ చెప్పమన్నారు. అంతా విని, "ఫిర్ ఇస్మే హమారా క్యా హై బేటా?" అని అడిగారు. కోపం లేదు, కొంచెం దిగులుంది. కనిపెట్టలేదు, గెలవలేదు, మతం మార్చలేదు, చివరికి వెళ్లగొట్టబడ్డారు. మరి పిల్లలకి ఏమని చెప్పాలి?

వెంటనే జవాబు దొరకలేదు. చింతగింజల గురించి మళ్లీ చెప్పాను. మామూ "ఊఁ" అన్నారు. తర్వాత ఆయనే, మాస్టరుగారి గొంతుతో, "ఆ పడవలు మళ్లీ ఎప్పుడూ పోలేదా?" అన్నారు.

ఒకసారి పోయింది మామూ. 1988లో, తెల్లవాళ్లు వచ్చి 200 ఏళ్లయిందని ఆస్ట్రేలియా జషన్ చేసుకుంటున్న ఏడు. మకస్సర్‌లో పాత పద్ధతిలో ఒక పెరహు కట్టి, 'హాతి మరేగే' అని పేరు పెట్టి, ఆ పాత దారిలో ఆర్న్‌హెమ్ లాండ్ దాకా నడిపారు. మరేగే దిల్ అని దాని అర్థం. యోలంగు జనం ఒడ్డుకి వచ్చి చుట్టాల్లా దించుకున్నారు. ఆ పడవ ఇప్పుడు డార్విన్ మ్యూజియంలో ఉంది.

ఫోటో ఉంటే పంపమన్నారు మామూ. పంపాను. అరగంట తర్వాత ఆయన దాన్ని గ్రూపులో పెట్టారు. కింద ఒక్క లైను, ఉర్దూలో, కుడి నుంచి ఎడమకి: 'మకస్సర్ నుంచి మరేగే. వివరాలు భాంజా చెప్తాడు.'